నేను వెళితే స్టార్టయ్యే లారీ

ఈ రోజుల్లో డబ్బాల మూతలు మనుషుల కోసం చేస్తున్నట్టు లేదు. మా ఆవిడ ఈమధ్య నాలుగు వైపులా గొళ్ళేలున్న ప్లాస్టిక్ డబ్బాలు కొన్నది. మిగిలిన పప్పు వేడివేడిగా అందులో పోసి, మూత బిగించి, ఫ్రిజ్జులో తోస్తుంది. మర్నాడు దాన్ని తెరవడం నా డ్యూటీ. రిటైరయ్యాక నాకు మిగిలిన సాంకేతిక బాధ్యత ఇదొక్కటే. గొళ్ళేలు ఊడతాయి, మూత మాత్రం కదలదు. లారీ ఇంజన్లు విప్పిన చేతులు పావుకిలో పప్పు ముందు ఓడిపోతుంటే, ఆవిడ వచ్చి చెంచా కొసతో ఒక మూల ఎత్తుతుంది. టప్పుమని వచ్చేస్తుంది. ఒక్క మాట కూడా అనదు. అనకపోవడమే ఎక్కువ బాధ.

సరే, డబ్బాల సంగతి ఉండనివ్వండి.

మెకానిక్ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను అడుగుతుంటారు, మీ సర్వీసులో అన్నిటికన్నా కష్టపెట్టిన బండి ఏదని. ఘాట్ రోడ్డులో లోయలో పడిన లారీ కథేదో వినొచ్చని వాళ్ళ ఆశ. పొద్దున్నే స్టార్టు కాని లారీ గురించి చెబుతానంటే వాళ్ళ ముఖాలు వాడిపోతాయి. మీ ముఖాలూ వాడితే వాడనివ్వండి. ఆ లారీ నన్ను నాలుగు వారాలు తిప్పింది. అంతకాలం నేను పరీక్షలకు కూడా చదవలేదు.

మా షెడ్డు తిరువూరులో మధిర రోడ్డు మీద ఉండేది. ‘ఉండేది’ అంటున్నానంటే రెండేళ్ళ క్రితం మూసేశాను. మోకాళ్ళు మూయించాయి అనడం సరైన మాట. నేను బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. ఉద్యోగం వచ్చేదాకా ఖాళీగా ఉండడమెందుకని మా మేనమామ డీజిల్ షెడ్డులో కూర్చున్నాను. ఉద్యోగం రాలేదు, నేను లేవలేదు. ఊళ్ళో నన్ను బీఎస్సీ మేస్త్రీ అనేవాళ్ళు. అందులో సగం గౌరవం. మిగతా సగం ఏమిటో నేను ఆరా తీయలేదు.

షెడ్డులో నాకు తోడు ఒక పెద్దాయన. డీజిల్ పంపులు, ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ విప్పి సరిచేయడం ఆయన పని. బంధుత్వం ఏమీ లేకపోయినా బాబాయ్ అనేవాణ్ణి. ఆయన బడికి వెళ్ళింది తక్కువ. అయినా ఇంజన్ మీద స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడి చెవికి పెట్టుకుని, ఏ నాజిల్ సరిగ్గా కొట్టడం లేదో చెప్పేవాడు. నేను అదే కనిపెట్టడానికి పూటంతా తీసుకునేవాణ్ణి. కాకపోతే కారణం వివరంగా చెప్పగలిగేవాణ్ణి.

పనిలో చేరిన కొత్తలో నాకొక అవమానం జరిగింది. స్టార్టు కావడం లేదని ఒక లారీని తోసుకొచ్చారు. డీజిలుందా అని అడిగితే, "ఫుల్లుగా ఉంది సార్" అని దాని డ్రైవరు అమ్మ మీద ఒట్టేశాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పైపులు, ఫిల్టర్లు, పంపు అన్నీ విప్పి వరసగా పేర్చాను. చివరికి బాబాయ్ వచ్చి ట్యాంకు మీద పిడికిలితో ఒక్కటి వేస్తే అది ఖాళీ బిందెలా మోగింది. ఆ రోజు నేనొక సూత్రం పెట్టుకున్నాను: డ్రైవరు మాట నమ్మకు, బద్ద మాట నమ్ము. బద్ద అంటే గాట్లు పెట్టిన మూరెడు వెదురు బద్ద. ఏ బండి వచ్చినా, రోగం ఏదైనా, ముందు ట్యాంకు మూత తీసి బద్ద ముంచి చూశాకే రెండో మాట. తర్వాత్తర్వాత డ్రైవర్లను ఏమీ అడగకుండానే పని మొదలుపెట్టడం అలవాటైంది. టైము కలిసొచ్చేది. అలా అనుకున్నాను.

ఇక లారీ. ఊళ్ళో ఒక షావుకారుగారి రైసుమిల్లు బండి అది. పాతది. కంప్యూటర్లు, సెన్సార్లు లేని రకం. పెనుగొలను, నెమలి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మిల్లుకు ధాన్యం తోలేది. దాన్ని పద్దెనిమిదేళ్ళుగా ఒకే మనిషి నడిపాడు. మా ఊరి సాయెబు, యాభై ఎనిమిదేళ్ళవాడు. అందరూ భాయ్ అనేవారు, నేనూ అంతే. తక్కువ మాట్లాడతాడు. చెప్పిన పని చెప్పినట్టు, చెప్పినదానికంటే ఇంకాస్త శుభ్రంగా చేస్తాడు. లారీ అద్దాలు తుడవడానికి ఒక గుడ్డ, డ్యాష్‌బోర్డు తుడవడానికి ఇంకో గుడ్డ. రెండూ కలిస్తే ఆయనకు ఆ రోజు అన్నం సహించదు.

ఆ ఏడు వానలకు డీజిల్లోకి నీళ్ళు దిగి బండి పెనుగొలను దగ్గర ఆగిపోయింది. వెళ్ళి ట్యాంకు కడిగించి, మూత సంగతి చూసుకోమని భాయ్‌కి గట్టిగా చెప్పి వచ్చాను. దసరాకి బండి పూజకొచ్చేసరికి కొత్త పెళ్ళికొడుకులా ఉంది. భాయ్ తన చేత్తోనే రంగులు వేశాడు. ట్యాంకు మూతకి కూడా పసుపురంగు వేసి, మధ్యలో ఎర్రటి పువ్వు దిద్దాడు. "మూత భలే ఉందోయ్, భాయ్" అన్నాను. ఆయన సిగ్గుపడ్డాడు.

కార్తీకం వెళ్ళాక మొదలైంది గొడవ. చలికి బండి స్టార్టవడం లేదన్నారు. చలంటే మా తిరువూరు చలి. డీజిల్ గడ్డకట్టే చలి కాదు, పెద్దవాళ్ళు మంకీ క్యాపు పెట్టుకుని తమకేదో అయిపోతోందని చెప్పుకునేంత చలి. అంతకే లారీ మొండికేయడం నాకు కాస్త అతిగా అనిపించింది. పగలు వేడి మీద ఎన్నిసార్లు ఆపినా వెంటనే అందుకునేది. ఒక రాత్రంతా నిలబడితే మాత్రం మర్నాడు సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ నీరసించాల్సిందే. పొగ కూడా వచ్చేది కాదు. తోస్తే మాత్రం అందుకునేది.

తోసేది ఎవరు? ముఠా వాళ్ళు. బస్తాలెత్తే కూలీలు ఎనిమిదిమంది జట్టుగా వస్తారు. పొద్దున ఆరింటికి లారీ ఎక్కాలి, ఏడింటికల్లా కళ్ళంలో ఉండాలి. ఏడు దాటితే ముఠా ఇంకో మిల్లు బండి ఎక్కేస్తుంది. అది మా ప్రాంతపు కట్టు. అందులో తగువుకి తావులేదు. ముఠా పెద్ద నోరున్న మనిషి.

"ఏం భాయ్, మమ్మల్ని బస్తాలు మొయ్యడానికి పిలిచావా, లారీని మొయ్యడానికా? ముందే చెబితే ఇంకో ముద్ద ఎక్కువ తినొచ్చేవాళ్ళం కదా!"

భాయ్ లారీ ఎక్కేవాడు. తలుపు వేసుకుని స్టీరింగు పట్టుకునేవాడు.

మొదటిసారి బండిని సాయంత్రం షెడ్డుకు తెచ్చి వదిలిపెట్టి వెళ్ళమన్నాను. మర్నాడు పొద్దున నేనెళ్ళి, మూత తీసి, బద్ద ముంచి, డీజిల్ ఉందని రూఢి చేసుకుని, సెల్ఫ్ కొట్టాను. అర సెల్ఫుకే అందుకుంది. భాయ్ అప్పుడే వచ్చాడు. డాక్టరు గదిలో అడుగు పెట్టగానే జ్వరం తగ్గిపోయిన పిల్లాడి తల్లిలా నిలబడ్డాడు.

"మిల్లులో ఇట్టా అవట్లేదు సార్. నిజం."

"నీ మాట అబద్ధమని నేనన్నానా? బండి అంటోంది."

"సార్, ఇంకో చిన్న సంగతి..."

"చిన్న సంగతులు మీ ఇంట్లో చెప్పుకో భాయ్. పెద్ద సంగతులు బండే చెబుతుంది."

బాబాయ్ నవ్వాడు, నేను నవ్వాను, భాయ్ కూడా నవ్వాడు.

రెండు రోజులకే మళ్ళీ కబురొచ్చింది. అప్పుడు వరసగా అనుమానాలు తీర్చుకోవడం మొదలుపెట్టాను. సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందేమోనని బ్యాటరీలు మార్చి చూశాను. వైర్ల చివర్లు గీకి తెల్లగా చేశాను. గాలి వేడెక్కించే హీటరు చూస్తే అది నిక్షేపంలా ఎర్రబడుతోంది. నాజిల్స్ దించి బాబాయ్‌కిచ్చాను. ఆయన వాటిని కొట్టించి చూసి, "వీటికేం రోగం? నాకంటే బాగున్నాయి" అన్నాడు. చివరికి పంపు కూడా దించాం. ఆ పంపు బల్ల మీద ఉండగా భాయ్ టీ గ్లాసు పట్టుకుని పక్కకొచ్చి నిలబడ్డాడు.

"సార్, నాకొకటి అనిపిస్తోంది..."

"నీకు అనిపించకూడదు భాయ్. నీకే అన్నీ అనిపిస్తే ఇక నాకు బీఎస్సీ ఇచ్చిన కాలేజీవాళ్ళు ఏమనుకుంటారు?"

షెడ్డంతా నవ్వింది. భాయ్ టీ తాగి గ్లాసు కడిగి పెట్టి వెళ్ళిపోయాడు.

పంపులో ఏమీ లేదు. ఫీడ్ పంపు, అంటే ట్యాంకు నుంచి డీజిల్ లాగి పెద్ద పంపుకు అందించే చిన్నది, దాని వాల్వులు కాస్త అరిగాయి. వయసుకు తగ్గ అరుగుదలే. ఇంజన్ గుండెబలం, అదే కంప్రెషన్, కూడా పరీక్షించాను. ఈ వయసులో అంతకన్నా ఆశించడం అన్యాయం. అన్నీ బాగున్నాయి. షెడ్డులో బండి బాగుంది. మిల్లుకు వెళితే పొద్దున్నే ముఠా తోస్తోంది.

ఆ సోమవారం షావుకారుగారు మిల్లుకు పిలిపించారు. ఆయనకు కోపం వచ్చే కొద్దీ మర్యాద పెరుగుతుంది. కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించేసరికి నాకు అర్థమైంది, విషయం పెద్దదని.

"మేస్త్రీగారూ, మీ శ్రమకి వంక పెట్టనండి. శుక్రవారం పదింటికి ఖమ్మం నుంచి ఒక పార్టీ వస్తోందండి బండి చూడ్డానికి. నచ్చితే అప్పుడే తీసుకెళ్ళిపోతానన్నాడు."

"మరి ధాన్యం తోలడానికి?"

"కొత్తది చెప్పానండి. కంప్యూటర్ బండి."

"మరి భాయ్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "దానికి మా బావమరిది ఒక కుర్రాణ్ణి చూశాడండి. ఆ బండ్లు వేరు కదండీ. అయినా భాయ్‌కి కూడా పొద్దున్నే లేవడం బరువవుతోందేమోనని నా అనుమానం. బండి మీద పెట్టి చెబుతున్నాడేమో."

భాయ్ నాలుగడుగుల దూరంలో అద్దం తుడుస్తున్నాడు. అన్నీ వినపడుతున్నాయి. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ డ్రైవరుకి ఇంకెవరూ బండి తాళాలివ్వరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, షావుకారుగారికి ఇంకా బాగా తెలుసు.

నేను లేచాను. "శుక్రవారం పదింటిదాకా టైముందిగదండీ" అన్నాను. పౌరుషంగా అందామనుకున్నాను గానీ, రైల్వే ఎంక్వయిరీలో అడిగినట్టు వచ్చింది. అయినా ఆ క్షణం నిశ్చయించుకున్నాను. బండి నా దగ్గరికి రావడం కాదు, రోగం ఎక్కడ వస్తుందో అక్కడికి నేనే వెళ్ళాలి. షెడ్డు మానేసైనా సరే, రోజూ తెల్లవారకముందే మిల్లులో ఉండాలి.

మంగళవారం ఐదున్నరకల్లా మఫ్లరు చుట్టుకుని వెళ్ళాను. ముఠా అప్పుడే వచ్చింది. వాళ్ళతో కబుర్లాడుతూ, పువ్వు మూత తిప్పి తీసి, బద్ద ముంచి, మూత పెట్టి, "ఊఁ, కొట్టు భాయ్" అన్నాను. అర సెల్ఫ్. ఇంజన్ అందుకుంది. భాయ్ సంతోషించాలో ఏడవాలో తెలియనట్టు చూశాడు.

బుధవారం మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అంతే. అర సెల్ఫ్.

"మేస్త్రీగారంటే బండికి భయమండి" అన్నాడు ముఠా పెద్ద. "మీ ఫొటో ఒకటి ఇవ్వండి, లోపల కట్టుకుంటాం. నిమ్మకాయలు దండగ."

షావుకారుగారు కూడా చూసి తల ఊపారు. "మరి మీరు రోజూ వచ్చి నించోవడం కుదరదు కదండీ" అన్నారు, ఎంతో మర్యాదగా.

ఆ రోజు షెడ్డుకు వెళ్ళి స్టూలు మీద కూలబడ్డాను. బాబాయ్ నాజిల్ పిన్ను మెత్తటి గుడ్డతో తుడుస్తూ, నా వైపు చూడకుండానే అన్నాడు:

"ఇన్నాళ్ళూ బండేం చేస్తుందో చూశావు. అది నిన్ను చూసి స్టార్టవుతోందిరా అబ్బాయ్. నువ్వేం చేస్తున్నావో ఒకసారి చూసుకో."

నాకు చురుక్కుమంది. కాలేజీలో ల్యాబ్ రికార్డు రాసినట్టు ఒక కాగితం తీసి, ఆ రెండు పొద్దులూ నేను చేసినవన్నీ రాశాను. గేటు దాటాను. మఫ్లరు తీశాను. ముఠాతో జోకులేశాను. మూత తీసి బద్ద ముంచాను. కొట్టమన్నాను. స్టార్టయింది. షెడ్డులో ఆ మొదటి రోజు? మూత, బద్ద, సెల్ఫ్. పంపు ఎక్కించాక పరీక్షించిన రోజు? మూత, బద్ద, సెల్ఫ్. నేను లేనప్పుడు భాయ్ ఏం చేసేవాడు? తాళం, సెల్ఫ్. అంతే. డీజిల్ ఎంతుందో ఆయనకు తెలుసు కాబట్టి బద్ద ముంచడు.

కాగితం పైనుంచి కిందకి ఇంకోసారి చదివాను. నాలుగు వారాల్లో ఎన్నో మార్చాను. మార్చనిదల్లా నా అలవాటే. అయితే బద్ద ముంచితే బండెందుకు స్టార్టవుతుంది? వెదురుకు అంత మహిమ ఉందని ఫిజిక్సులో ఎక్కడా చెప్పలేదు. అది మాత్రం తెలియలేదు. తెలియకపోయినా పరీక్ష ఎలా చేయాలో తెలిసింది. బద్ద తీసి బాబాయ్ చేతికిచ్చాను.

"ఈ సంగతి తేలేదాకా ఇది నీ దగ్గరుంచు. నా చెయ్యి నా మాట వినదు."

గురువారం. ఉత్త చేతులతో వెళ్ళాను. ముఠాకి నమస్కారం పెట్టి ఊరుకున్నాను. వాళ్ళు కాస్త కంగారుపడ్డారు, నాకు ఒంట్లో బాగోలేదేమోనని. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, "కొట్టు భాయ్" అన్నాను.

సెల్ఫ్ తిరిగింది. తిరిగింది. మళ్ళీ తిరిగింది. ఇంజన్ ఉలకలేదు, పలకలేదు. పొగ లేదు.

నాలుగు వారాల్లో అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. భాయ్ ముఖం మాత్రం చీకటైపోయింది. మేస్త్రీ పక్కనున్నా స్టార్టు కాలేదంటే ఇక అయిపోయినట్టేనని ఆయన లెక్క.

బానెట్ ఎత్తాను. ఫీడ్ పంపు మీద చేత్తో కొట్టే చిన్న బుడిపె ఉంటుంది. దాన్ని పైకి లాగి వదిలితే లాగిన చోటే నిలవాలి. లాగాను. అవతల ఎవరో తాడు పట్టుకుని గుంజుతున్నట్టు, చటుక్కున వెనక్కి పోయింది. మళ్ళీ లాగాను. మళ్ళీ గుంజుకుపోయింది. పైపులో డీజిల్ ముందుకు రావడం లేదు. ట్యాంకే దాన్ని పట్టుకుని లాగుతోంది.

వెళ్ళి మూత మీద చెయ్యి వేశాను. ఈసారి ఎవరితోనూ మాట్లాడడం లేదు. తిప్పాను.

"బుస్స్..."

ముఠాలో ఒకడు "పామండోయ్!" అని వెనక్కి గెంతాడు.

అది ట్యాంకు ఊపిరి పీల్చుకున్న చప్పుడు. అంతకుముందు ఎన్నోసార్లు ఆ మూత తీశాను. ఆ చప్పుడు ప్రతిసారీ వచ్చే ఉంటుంది. కానీ నేను మాట్లాడేటప్పుడు నాకు ఇంకేమీ వినపడదు.

"ఇప్పుడు కొట్టు భాయ్."

అర సెల్ఫుకి అందుకుంది.

మూత తిప్పి లోపలి వైపు చూశాను. ట్యూబు రబ్బరుతో గుండ్రంగా కోసిన వాషరు, కంపెనీవాళ్ళు సిగ్గుపడేంత నీటుగా అతికించి ఉంది. పైన పువ్వు మధ్యలో గోరుతో గీకాను. రంగు పొర కింద పైపులకు పూసే సీలు ముద్ద గట్టిపడి ఉంది. దాని కింద, ప్రతి ట్యాంకు మూతకీ ఉండే సన్నని గాలి బెజ్జం. డీజిల్ ఖర్చయ్యే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావడానికి పెట్టిన బెజ్జం అది. దాన్ని మూసేస్తే, పగలంతా ఇంజన్ నుంచి వెనక్కొచ్చిన డీజిల్‌తో వేడెక్కిన ట్యాంకు, రాత్రి చలికి చల్లారి, లోపలి గాలి ముడుచుకుని, పైపుల్లో డీజిల్ని వెనక్కి గుంజుకుంటుంది. అరిగిన ఫీడ్ పంపుకి సెల్ఫ్ తిరిగే వేగంలో ఆ గుంజుడుతో పోటీపడే సత్తా లేదు. తోసినప్పుడు ఇంజన్ కాస్త జోరుగా తిరిగేది కాబట్టి గెలిచేది. దారిలో బాగా లాగినప్పుడు రబ్బరు అంచు నుంచి ఎంతో కొంత గాలి దూరేది కాబట్టి బండి ఆగలేదు. ఇదంతా ఇంటర్మీడియట్ పాఠం. బీఎస్సీ దాకా కూడా అక్కర్లేదు.

"భాయ్, ఈ బెజ్జం ఎవరు మూశారు?"

"నేనే సార్."

"ఎందుకు?"

ఆయన నా వంక వింతగా చూశాడు. "మీరే కదా సార్ చెప్పింది. పెనుగొలనులో, వానలో. ‘ఈ మూతలో నీళ్ళేంటి భాయ్, గాలి కూడా దూరకూడదు’ అన్నారు."

అన్నాను. గుర్తొచ్చింది. ఎంత చక్కగా అన్నానో, చుట్టూ ఉన్నవాళ్ళు ఎలా నవ్వారో కూడా గుర్తొచ్చింది.

ముఠా పెద్ద నడుముకు దోపుకున్న దబ్బనం, గోనెసంచులు కుట్టేది, అడిగి తీసుకున్నాను. పువ్వు మధ్యలో పొడిచాను. సీలు ముద్ద పెచ్చులూడి బెజ్జం తెరుచుకుంది. అప్పుడే షావుకారుగారు గేటులోంచి వచ్చారు. నా చేతిలో దబ్బనం చూసి ఆగారు.

"ఏం రోగమండీ?"

"మూత బెజ్జం మూసుకుపోయిందండీ. బండికి ఊపిరాడటం లేదు."

ఆయన మూత తీసుకుని అటూ ఇటూ తిప్పారు. మిల్లు నడిపే మనిషి. మూసుకుపోవడానికీ మూయడానికీ తేడా తెలియనివాడు కాదు.

"దీనంతటది మూసుకుపోయి, దీనంతటదే రంగేసుకుని, పువ్వు కూడా దిద్దుకుందాండీ?" అని, భాయ్ వైపు తిరిగారు. "నువ్వేనా? నీ పనితనానికి నెల్రోజులు నా ధాన్యం కళ్ళాల్లో పడుందా? శుక్రవారం దాకా ఎందుకు..."

భాయ్ తల దించుకున్నాడు. నా పేరు చెప్పలేదు. చెప్పడని నాకు తెలుసు. ఇంకో రెండు క్షణాలు నేను ఊరుకుంటే చాలు, నాలుగు వారాల వేటలో గెలిచిన మేస్త్రీగా ఇంటికెళ్ళొచ్చు. ఆ రెండు క్షణాల్లో ఒకటి వాడుకున్నానని ఒప్పుకుంటున్నాను.

"ఆయన కాదండీ. మూయమని చెప్పింది నేనే. గాలి కూడా దూరకూడదన్నాను."

"మీరా?"

"నేనేనండీ."

"మరి మీరు చదివింది..."

"ఫిజిక్సేనండీ."

ముఠా పెద్ద ఏదో అనబోయి, జీవితంలో మొదటిసారి మానుకున్నాడు. షావుకారుగారు మూత మీద పువ్వును వేలితో తడిమి చూశారు. తర్వాత దాన్ని భాయ్ చేతికే ఇచ్చారు.

"మీరొచ్చిన రోజు ఇది స్టార్టవుతుందని రెండు రోజులుగా చూస్తూనే ఉన్నానండి. దానికి విలువ లేదు. రేపు మీరు రాకండి. మీరు రాకుండా ఇది స్టార్టయితే, పార్టీని రావద్దని చెబుతాను. కాకపోతే మాత్రం ఇక నన్నేమీ అడగొద్దు."

న్యాయమైన పరీక్షే. నేను పెట్టినా అలాగే పెట్టేవాణ్ణి. వెళ్ళేటప్పుడు భాయ్‌తో చెప్పాను, "రేపు మూత జోలికి పోకు. తుడవను కూడా తుడవకు. స్టార్టయితే మా ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు హారన్ కొట్టు."

శుక్రవారం నాలుగున్నరకే మెలకువ వచ్చింది. మంచం మీద కూర్చున్నాను. అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాను. మిల్లు వైపు రెండు ఫర్లాంగులు నడిచి వద్దామనిపించింది. వెళ్ళలేదు. జీవితంలో ఏమీ చేయకుండా ఉండడానికి అంత కష్టపడింది ఆ రోజే. మా ఆవిడ టీ ఇచ్చి, "ఎవరికైనా ఆపరేషనా?" అని అడిగింది. ఆరు కొట్టింది. పాలవాడు వెళ్ళాడు. ఏదో ట్రాక్టరు వెళ్ళింది. ఆరూ పది. మఫ్లరు చేతిలోకి తీసుకున్నాను. పెట్టేశాను.

ఆరుంబావుకి మలుపు దగ్గర హారన్ మోగింది. లారీ వచ్చి, వేగం కూడా తగ్గించకుండా మా గేటు ముందు నుంచి వెళ్ళిపోయింది. పైన ముఠా ఎనిమిదిమందీ ఉన్నారు. ముఠా పెద్ద తలపాగా తీసి ఊపాడు. భాయ్ మాత్రం రోడ్డు తప్ప ఇంకేమీ చూడలేదు. డ్రైవింగులో ఆయనకు అదొక పద్ధతి.

పార్టీకి షావుకారుగారు ఫోన్ చేశారని, కొత్త బండి కూడా వద్దని చెప్పారని తర్వాత తెలిసింది. ఆ లారీ ఇంకో మూడేళ్ళు తిరిగింది. భాయ్ చేతిలోనే తిరిగింది.

ఆ సాయంత్రం భాయ్ షెడ్డుకొచ్చాడు. బాబాయ్ నా బద్ద నాకు తిరిగి ఇచ్చేసి, టీ తెప్పించాడు. ముగ్గురం బల్ల మీద కూర్చున్నాం. కేసు ముగిసింది కాబట్టి, ల్యాబ్ రికార్డులో చివరి గడి నింపినట్టు, మిగిలిన ఒక్క ప్రశ్న అడిగాను.

"భాయ్, రోజూ బంకులో డీజిల్ కొట్టించేటప్పుడు మూత తీస్తావు కదా. ఆ బుస్సుమనే చప్పుడు నీకెప్పుడూ వినపడలేదా?"

"దసరా అయిన కాణ్ణించీ వినపడతానే ఉంది సార్."

"మరి చెప్పొచ్చుగా?"

భాయ్ టీ చివరి గుక్క తాగి, గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"చెబుదామని రెండుసార్లు నోరు తెరిచా సార్. రెండుసార్లూ మీరు జోకేశారు."